ఒంటి కష్టానికి ఉమ్మి సాక్షి

పరుగు తీసినా, గొడ్డలి పట్టినా, గోల్ కొట్టినా ఒంట్లో హార్మోన్లు ఎగసిపడతాయి. ఆ ఎగుడుదిగుళ్లను సూది గుచ్చకుండా నోటి తడిలోనే చదవొచ్చు. కాకపోతే చదవడం తెలిసుండాలి. లేదంటే మంచి వార్త కూడా చెడ్డ వార్తలాగే కనిపిస్తుంది.

బొలీవియాలో అమెజాన్ అడవుల అంచున చిమానే అనే తెగ ఉంది. అరటి, వరి, కర్రపెండలం పండించుకోవడం, వేటాడటం, ఏట్లో చేపలు పట్టడం వాళ్ల బతుకు. కొత్తగా చేను వేయాలంటే ముందు అడవి కొట్టాలి. ఆ పనికి దిగిన మగవాళ్ల దగ్గరికి అమెరికా పరిశోధకులు చిన్న చిన్న గొట్టాలు పట్టుకుని వెళ్లారు. గొడ్డలి ఎత్తే ముందు అందులో ఉమ్మి వేయమన్నారు. గంటసేపు చెట్లు నరికాక మళ్లీ వేయమన్నారు. మీసం మొలుస్తున్న కుర్రాళ్ల దగ్గర్నుంచి తాతల దాకా అందరూ ఇచ్చారు.

ల్యాబులో లెక్క తేలింది. గంట కష్టానికి టెస్టోస్టిరాన్ దాదాపు సగం మేర పెరిగింది. వయసుతో నిమిత్తం లేదు. కుర్రాళ్లలో ఎంతో పెద్దవాళ్లలోనూ అంతే. అంతకుముందు అదే తెగలో ఫుట్‌బాల్ పోటీలప్పుడు కూడా ఉమ్మి సేకరించారు. ఆట ముగియగానే టెస్టోస్టిరాన్ 30 శాతం పెరిగింది. గంట గడిచాక కూడా మామూలు కంటే 15 శాతం ఎక్కువే ఉంది. అంటే ఎదుటి జట్టును ఓడించాలన్న పంతం కంటే, ఇంటిల్లిపాదికీ తిండి పెట్టే పనిలోనే ఈ హార్మోన్ ఎక్కువగా ఎగసిందన్నమాట. బెంజమిన్ ట్రంబుల్, మైకేల్ గర్వెన్ తదితరులు ఈ ఫలితాలను 2012, 2013 సంవత్సరాల్లో ప్రచురించారు. వేటకు వెళ్లినవాళ్లను కూడా తర్వాత ఇలాగే పరీక్షించారు. జంతువు దొరికినవాళ్లలో టెస్టోస్టిరాన్‌తోపాటు కార్టిసాల్ కూడా పెరిగినట్టు 2014లో తేల్చారు.

మరో సంగతి. చిమానే మగవాళ్లలో మామూలు వేళ టెస్టోస్టిరాన్ అదే వయసు అమెరికన్ల కంటే మూడో వంతు తక్కువ. ఆ ఒక్క అంకె చూసి ఏ డాక్టరైనా పెదవి విరిచేవాడే. కానీ వాళ్ల గుండె రక్తనాళాలు ప్రపంచంలో ఇప్పటిదాకా పరీక్షించిన ఏ జనం కంటే ఆరోగ్యంగా ఉన్నాయని 2017లో లాన్సెట్ పత్రిక ప్రకటించింది. ఆ మగవాళ్లు రోజుకు ఆరేడు గంటలు ఒళ్లు వంచుతారు. హార్మోన్ నిలకడగా ఎంత ఉందన్న దానికంటే, అవసరం పడినప్పుడు ఎలా లేచింది, పని తీరాక ఎలా దిగిందన్నదే అసలు కబురు. వ్యాయామం వేళ ఉమ్మిని పరీక్షించిన అధ్యయనాల సారమంతా ఈ మాటలోనే ఉంది.

రక్తంలోంచి నోట్లోకి

చెవుల ముందు, దవడ కింద, నాలుక కింద మూడు జతల పెద్ద గ్రంథులున్నాయి. వందలకొద్దీ చిన్న గ్రంథులు నోరంతా పరుచుకుని ఉన్నాయి. ఇవన్నీ కలిసి రోజుకు అర లీటరు నుంచి లీటరున్నర దాకా లాలాజలం ఊరిస్తాయి. అందులో 99 శాతం నీరే. మిగిలిన కాస్తలోనే లవణాలు, ఎంజైములు, రోగనిరోధక ప్రోటీన్లు, అతి స్వల్పంగా హార్మోన్లు ఉంటాయి. ఎంత స్వల్పమంటే, లాలాజలంలో టెస్టోస్టిరాన్‌ను పికోగ్రాముల్లో లెక్కిస్తారు. పికోగ్రాము అంటే గ్రాములో లక్ష కోట్లవ వంతు.

అది అక్కడికి ఎలా చేరుతుంది? రక్తంలో తిరిగే కార్టిసాల్‌లో పది పాళ్లకు తొమ్మిది పాళ్లు మోసే ప్రోటీన్లను అంటిపెట్టుకునే ఉంటుంది. బస్సులో కూర్చున్న ప్రయాణికుల్లా ఊళ్లన్నీ దాటుతుంది గానీ ఏ ఊళ్లోనూ పని చేయదు. దిగి నడిచే ఆ కాస్త హార్మోనే కణాల్లోకి దూరి పని నడిపిస్తుంది. కార్టిసాల్, టెస్టోస్టిరాన్, ప్రొజెస్టిరాన్ లాంటి స్టెరాయిడ్ హార్మోన్లు కొవ్వులో కరుగుతాయి. కణాల పొరలు కూడా కొవ్వుతో కట్టినవే కాబట్టి వాటిని దాటుకుని తేలిగ్గా లాలాజలంలోకి వచ్చేస్తాయి. ప్రోటీన్లను అంటుకున్నవి రాలేవు. అందుకే ఉమ్మిలో కనిపించేది ఒంట్లో నిజంగా పని చేస్తున్న హార్మోన్ వాటా.

దీనివల్ల ఒక్కోసారి రక్తపరీక్షలో తెలియనిది ఉమ్మిలో తెలుస్తుంది. గర్భనిరోధక మాత్రలు వాడే స్త్రీలలో ఆ మోసే ప్రోటీను పెరుగుతుంది. దాంతో రక్తంలో మొత్తం కార్టిసాల్ ఎక్కువగా కనిపించి కంగారు పెడుతుంది. పని చేసే వాటా మాత్రం అంతగా మారి ఉండదు. కఠిన వ్యాయామంలో ఇంకోలా జరుగుతుంది. కార్టిసాల్ గబగబా పెరిగి ప్రోటీన్లలో ఖాళీ అయిపోతే, మిగిలినదంతా విడిగానే తిరుగుతుంది. అప్పుడు రక్తంలోని మొత్తం కంటే ఉమ్మిలోని అంకె చాలా నిటారుగా లేస్తుంది.

అన్ని హార్మోన్లకూ ఈ దారి లేదు. ఇన్సులిన్, గ్రోత్ హార్మోన్ లాంటివి ప్రోటీన్లు కాబట్టి పొరలు దాటడం కష్టం. ఉత్కంఠ వేళ గుండె దడదడలాడించే అడ్రినలిన్‌ను ఉమ్మిలో నమ్మకంగా కొలవలేం. దాని బదులు ఆల్ఫా అమైలేజ్ అనే జీర్ణ ఎంజైమును చూస్తారు. అడ్రినలిన్‌ను ఎగదోసే నాడీవ్యవస్థే ఈ ఎంజైమును కూడా లాలాజల గ్రంథుల నుంచి బయటికి నెడుతుంది. కాబట్టి ఇది పెరిగితే అది పెరిగినట్టు అంచనా కడతారు.

ఇంత తక్కువ మోతాదును కొలవడం ఒకప్పుడు అసాధ్యం. అమెరికాలో రోజాలిన్ యాలో, సాలమన్ బెర్సన్ కలిసి 1950ల చివర్లో ఇన్సులిన్ కోసం రేడియో ఇమ్యునో ఎస్సే పద్ధతి కనిపెట్టారు. యాంటీబాడీ ఎంత హార్మోన్‌ను పట్టుకుందో రేడియోధార్మికత ద్వారా లెక్కగట్టే ఉపాయమది. దానికి 1977లో యాలోకు నోబెల్ వచ్చింది. బెర్సన్ అప్పటికే కన్నుమూశారు. తర్వాతి కాలంలో జర్మనీలోని ట్రియర్ విశ్వవిద్యాలయంలో క్లెమెన్స్ కిర్ష్‌బౌమ్, డిర్క్ హెల్‌హామర్ ఉమ్మిలో కార్టిసాల్ పరీక్షకు ఒక పద్ధతి ఏర్పరిచి ప్రపంచమంతా వ్యాపింపజేశారు. దాంతో హార్మోన్ల చదువు ఆస్పత్రి గడప దాటి మైదానాలకు, పొలాలకు, అడవులకు వెళ్లగలిగింది.

ఒళ్లు వేడెక్కితే ఏమవుతుంది?

కండ ముడుచుకున్న తొలి క్షణాల్లో ఖర్చయ్యే ఇంధనం ఫాస్ఫోక్రియాటిన్. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1927లో దాన్ని వెలికితీసింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావే. ఆ నిల్వ కొన్ని సెకన్లకే అయిపోతుంది. పరుగు సాగాలంటే కాలేయం చక్కెర పంపాలి, కొవ్వు కరగాలి. ఈ సరఫరా నడిపించే పెద్దల్లో కార్టిసాల్ ఒకటి. మెదడులోని హైపోథాలమస్ కబురు పెడుతుంది, పిట్యూటరీ గ్రంథి ఆ కబురును అందిస్తుంది, మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ విడుదల చేస్తాయి. చక్కెర తయారీని పెంచడం, కండల్లో రేగే వాపును అదుపులో పెట్టడం దాని పనులు. పత్రికల్లో, ప్రకటనల్లో దానికి 'ఒత్తిడి హార్మోన్' అన్న చెడ్డపేరు వచ్చింది గానీ, అది లేకపోతే మనిషి మంచం మీంచి లేవలేడు.

ఎంత కష్టపడితే ఎంత పెరుగుతుంది? అమెరికాలో నార్త్ కరోలినా విశ్వవిద్యాలయానికి చెందిన ఆంథొనీ హ్యాక్నీ బృందం 2008లో దీనికి స్పష్టమైన జవాబిచ్చింది. సాధన ఉన్న మగవాళ్లను వేర్వేరు రోజుల్లో అరగంట చొప్పున, వాళ్ల గరిష్ఠ సామర్థ్యంలో 40, 60, 80 శాతం తీవ్రతతో వ్యాయామం చేయించి రక్తం పరీక్షించారు. 60 శాతం దగ్గర కార్టిసాల్ దాదాపు 40 శాతం పెరిగింది. 80 శాతం దగ్గర పెరుగుదల కూడా 80 శాతం దాటింది. 40 శాతం దగ్గర పెరగకపోగా, రోజులో సహజంగా వచ్చే మార్పును లెక్కలోకి తీసుకుంటే తగ్గినట్టే తేలింది. అంటే మాట్లాడుకుంటూ నడిచే నడకకు కార్టిసాల్ దిగొస్తుంది, ఒగరుస్తూ చేసే పరుగుకు లేస్తుంది. రెండూ ఆరోగ్యకరమే. పైగా నెలల తరబడి సాధన చేసినవాళ్లకు అదే వేగం మీద ఒకప్పటి కంటే తక్కువ పెరుగుతుంది. ఒళ్లు ఆ పనికి అలవాటు పడిందనడానికి అదొక గుర్తు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. హార్మోన్ అంకె పెరిగినంత మాత్రాన గ్రంథి ఎక్కువ తయారు చేసిందనుకోకూడదు. కఠిన వ్యాయామంలో రక్తంలోని నీరు కొంత కండల వైపు వెళ్తుంది, రక్తం చిక్కబడుతుంది. కాలేయానికి రక్తప్రసరణ తగ్గుతుంది కాబట్టి పాత హార్మోన్‌ను వదిలించుకునే పని నెమ్మదిస్తుంది. ఈ రెంటివల్లా కూడా అంకె పైకి పోతుంది. టెస్టోస్టిరాన్ విషయంలో ఈ సంగతి మరీ గుర్తుంచుకోవాలి.

గెలిస్తే ఒకలా, చూస్తే ఇంకోలా

ఒంటి కష్టం లేకపోయినా హార్మోన్లు కదులుతాయని తేల్చింది కూడా ఉమ్మి పరీక్షలే. అలన్ బూత్, అలన్ మజూర్ తదితరులు 1989లో ఆరుగురు విశ్వవిద్యాలయ టెన్నిస్ ఆటగాళ్లను ఆరు మ్యాచ్‌ల పాటు గమనించారు. చాలా మ్యాచ్‌లకు ముందే టెస్టోస్టిరాన్ లేచింది. ఆట అయ్యాక గెలిచినవాళ్లలో పెరిగింది, ఓడినవాళ్లలో తగ్గింది. చెమట చుక్క పట్టని చదరంగంలోనూ గెలిచినవాళ్లదే పైచేయి అని మజూర్ బృందం 1992లో రాసింది.

అంతకంటే సరదా అయినది ప్రేక్షకుల కథ. 1994 ఫుట్‌బాల్ ప్రపంచకప్ ఫైనల్లో బ్రెజిల్, ఇటలీ తలపడ్డాయి. పెనాల్టీ షూటౌట్‌లో రాబర్టో బాజియో కొట్టిన బంతి గోల్‌పోస్టు పైనుంచి వెళ్లిపోవడంతో కప్పు బ్రెజిల్‌ది అయింది. ఆ మ్యాచ్‌ను టీవీలో చూసిన అభిమానుల ఉమ్మిని పాల్ బెర్న్‌హార్ట్, జేమ్స్ డాబ్స్ తదితరులు ముందూ తర్వాతా సేకరించారు. బ్రెజిల్ అభిమానుల్లో టెస్టోస్టిరాన్ పెరిగింది, ఇటలీ వాళ్లలో పడిపోయింది. కుర్చీలోంచి కదలకుండానే గెలుపోటములు ఒంటికి పట్టేశాయి. అయితే 2010 ఫైనల్ చూసిన స్పెయిన్ అభిమానుల్లో ఇంకో రకంగా తేలింది. మ్యాచ్ నడుస్తున్నంతసేపూ టెస్టోస్టిరాన్, కార్టిసాల్ రెండూ మామూలు రోజు కంటే ఎక్కువగానే ఉన్నాయి. కప్పు గెలిచాక మాత్రం టెస్టోస్టిరాన్ కొత్తగా పెరగలేదు. శాస్త్రంలో ఒక్క అధ్యయనంతో తీర్పు రాదని ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుంటే తెలుస్తుంది.

ఇంగ్లండ్‌లో నిక్ నీవ్, శాండీ వుల్ఫ్‌సన్ 2003లో ఫుట్‌బాల్ ఆటగాళ్లను పరీక్షించి, సొంత మైదానంలో ఆడబోయే ముందు టెస్టోస్టిరాన్ ఎక్కువ ఉంటుందని చూపించారు. ఎదుటి జట్టు బద్ధశత్రువైతే ఇంకా ఎక్కువ. ఇదంతా మగవాళ్ల వ్యవహారమే అనుకోనక్కర్లేదు. అమెరికాలో ఎమరీ విశ్వవిద్యాలయం మహిళా ఫుట్‌బాల్ జట్టులో ఆట సాగుతుండగా టెస్టోస్టిరాన్, కార్టిసాల్ రెండూ పెరిగినట్టు డేవిడ్ ఎడ్వర్డ్స్ బృందం 2006లో రాసింది. గెలిచినా ఓడినా ఆ పెరుగుదల కనిపించింది.

శిక్షకులకు ఇందులో ఆశ పుట్టింది. క్రిస్టియన్ కుక్, బ్లెయిర్ క్రూథర్ 2012లో బాగా సాధన చేసిన మగవాళ్లకు వ్యాయామానికి ముందు చిన్న చిన్న వీడియోలు చూపించారు. దూకుడు, సాధన మీద ఉత్సాహపరిచే వీడియోలు చూసినప్పుడు ఉమ్మిలో టెస్టోస్టిరాన్ పెరిగింది, ఆ తర్వాత బరువుతో గుంజీలు తీసే సత్తా కూడా మెరుగైంది. దుఃఖం కలిగించే వీడియో తర్వాత హార్మోన్ తగ్గింది. పరీక్షించింది పన్నెండు మందినే. కాబట్టి దీన్నే మంత్రంగా పట్టుకోనక్కర్లేదు. మనసు, కండ వేరువేరు అరల్లో లేవని మాత్రం ఒప్పుకోవాలి.

పొలంలో ప్రొజెస్టిరాన్

ఉమ్మి పరీక్షల్లో నిజంగా బలమైన ఫలితాలు స్త్రీల ఆరోగ్యం మీద వచ్చాయి. అండం విడుదలైన తర్వాతి రెండు వారాల్లో ప్రొజెస్టిరాన్ ఎలా లేస్తుందో చూడాలంటే రోజూ నమూనా కావాలి. నెలంతా రోజూ సూది గుచ్చుకోవడానికి ఎవరు ఒప్పుకుంటారు? హార్వర్డ్ మానవశాస్త్రవేత్త పీటర్ ఎల్లిసన్ ఇక్కడే ఉమ్మిని ఆయుధం చేసుకున్నారు. ఫ్రిజ్ లేని ఊళ్లలో కూడా నమూనా చెడిపోకుండా గొట్టంలో సోడియం ఎజైడ్ అనే రసాయనం వేసి ఇచ్చేవారు.

సరదాగా, ఓ మోస్తరుగా పరుగెత్తే స్త్రీలలో కూడా, నెలసరి క్రమం తప్పకుండా వస్తున్నా, ప్రొజెస్టిరాన్ తక్కువగా ఉంటోందని ఎల్లిసన్, కేథరీన్ లేగర్ 1986లో చూపించారు. అప్పటిదాకా నెలసరి ఆగిపోతేనే సమస్య అనుకునేవారు. బయటికి అంతా బాగున్నట్టే కనిపిస్తున్నా లోపల ఒళ్లు ఖర్చు తగ్గించుకోవడం మొదలుపెడుతుందని అప్పుడు తెలిసింది.

ఇది వ్యాయామం వల్లా, తిండి చాలకనా? జవాబు దక్షిణ పోలండ్ పల్లెల్లో దొరికింది. గ్రజీనా యాషెన్‌స్కా, ఎల్లిసన్‌తో కలిసి అక్కడి రైతు కుటుంబాల స్త్రీల ఉమ్మిని పరీక్షించారు. వేసవి కోతల కాలంలో ఒళ్లు విరిచి పని చేసినవాళ్లలో ప్రొజెస్టిరాన్ తగ్గింది. వాళ్లకు తిండికి లోటు లేదు, బరువు కూడా తగ్గలేదు. పని బరువే అండాశయాన్ని నెమ్మదింపజేసిందని 1998లో ప్రకటించారు. ప్రకృతి లెక్కలో దీనికి అర్థముంది. శక్తి అంతా పనికే పోతున్న కాలంలో గర్భాన్ని మోయడం భారం. పని తగ్గాక మళ్లీ యథాస్థితికి వస్తుంది.

అయితే క్రీడాకారిణులు ఏడాది పొడవునా కోతల కాలమే గడిపితే ఎముకలు గుల్లబారతాయి, గాయాలు మానవు. తినేదానికీ ఖర్చయ్యేదానికీ పొంతన లేకపోతే వచ్చే ఈ స్థితిని అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో 'రెడ్స్' పేరుతో గుర్తించింది. మగ క్రీడాకారులకూ ఇది వస్తుందని స్పష్టం చేసింది. పరుగు సాధన చేస్తున్న అమ్మాయికి నెలసరి తప్పితే, 'బాగా కష్టపడుతోంది' అని మురిసిపోకుండా డాక్టరుకు చూపించాలి.

లేవకపోతేనే అనుమానం

ఎక్కువ సాధన ఎప్పుడు అతి సాధన అవుతుంది? కోచ్‌లను ఎంతోకాలంగా వేధిస్తున్న ప్రశ్న ఇది. ఫిన్లండ్‌లో హెర్మన్ ఆడ్లర్‌క్రూట్జ్ బృందం 1986లో ఒక సూత్రం చెప్పింది. కండ కట్టే టెస్టోస్టిరాన్‌కూ, కండను కరిగించే కార్టిసాల్‌కూ మధ్య ఉండే నిష్పత్తి 30 శాతానికి మించి పడిపోతే ఆటగాడు అలసిపోయినట్టేనన్నారు. సూత్రం తేలిగ్గా ఉండటంతో ప్రపంచమంతా పాకింది. కానీ ఏళ్లు గడిచేకొద్దీ, నిష్పత్తి పడిపోయినా బాగా ఆడినవాళ్లు, పడిపోకపోయినా చతికిలబడ్డవాళ్లు ఎదురయ్యారు. అతి సాధనను పట్టిచ్చే ఒకే ఒక్క పరీక్ష ఏదీ లేదని యూరప్, అమెరికా క్రీడావైద్య సంఘాలు 2013లో ఉమ్మడిగా తేల్చేశాయి.

అదే ఏడాది ఇంగ్లండ్‌లోని లఫ్‌బరో విశ్వవిద్యాలయం నుంచి ఇంకో దారి కనిపించింది. జాన్ హఫ్ బృందం కొందరితో అరగంట కఠినంగా సైకిల్ తొక్కించి ఉమ్మి తీసింది. కార్టిసాల్, టెస్టోస్టిరాన్ బాగా లేచాయి. తర్వాత పదకొండు రోజులు సాధన మోత మోగించి, మళ్లీ అదే అరగంట తొక్కించారు. ఈసారి రెండూ ముందు లేచినంతగా లేవలేదు. విశ్రాంతిగా ఉన్నప్పటి అంకెల కోసం వెతికినంతకాలం దొరకని సంకేతం, ఒంటిని పరీక్షకు పెట్టినప్పుడు దొరికింది. అలసిన ఒళ్లు పిలిచినా పలకడం మానేస్తుంది. 'వ్యాయామం చేస్తే కార్టిసాల్ పెరిగిపోతోంది' అని భయపడేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఇదే. పెరగడం ఒళ్లు సక్రమంగా స్పందిస్తోందనడానికి రుజువు. పెరగకపోవడం, పెరిగింది దిగకపోవడం, పొద్దున్నకీ రాత్రికీ తేడా లేకుండా చదునుగా ఉండిపోవడం ఆలోచించాల్సిన సంగతులు.

ఉమ్మిలో హార్మోన్లతోపాటు ఇమ్యునోగ్లోబులిన్-ఎ అనే రక్షక ప్రోటీన్ కూడా ఉంటుంది. అమెరికా జాతీయ స్కీయింగ్ జట్టు ఆటగాళ్లలో అది తక్కువగా ఉందని, పోటీ అయ్యాక ఇంకా తగ్గిందని థామస్ టొమాసి బృందం 1982లో చెప్పింది. ఆస్ట్రేలియా ఈతగాళ్లలో ఇది తక్కువగా ఉన్నవాళ్లకే జలుబులు ఎక్కువని తర్వాత మారీ గ్లీసన్ బృందం చూపించింది. కఠిన వ్యాయామం వల్ల రోగనిరోధకశక్తి నిజంగా దెబ్బతింటుందా, లేక నిద్రలేమి, ప్రయాణాలు, గుంపుల్లో తిరగడం వల్ల జలుబు చేస్తుందా అన్న వాదన ఇప్పటికీ నడుస్తోంది.

అంకె ఎక్కడ తప్పుతుంది?

ఉమ్మి తీయడం తేలికే. నమ్మదగిన ఉమ్మి తీయడం అంత తేలిక్కాదు. మొదటి చిక్కు వ్యాయామమే. ఉద్వేగంలో నోరెండిపోతుంది, నోటితో ఊపిరి తీయడం వల్ల తడి ఆరిపోతుంది. ఊరే కాస్త లాలాజలంలోనూ జిగురు ప్రోటీన్లు ఎక్కువ. మైదానంలో ఆటగాళ్లు మాటిమాటికీ ఉమ్మడానికి ఈ చిక్కదనం ఒక కారణం. స్టెరాయిడ్ హార్మోన్ల గాఢత ఎంత ఊరిందన్న దాని మీద పెద్దగా ఆధారపడదు కాబట్టి వాటి లెక్క చెడదు. అమైలేజ్, ఇమ్యునోగ్లోబులిన్ లాంటి వాటికి మాత్రం ఎన్ని నిమిషాల్లో ఎంత ఊరిందో కూడా కొలవాలి.

రెండో చిక్కు గడియారం. నిద్ర లేచిన అరగంట, ముప్పావు గంటలో కార్టిసాల్ గబుక్కున పెరుగుతుంది. అక్కడి నుంచి దిగుతూ అర్ధరాత్రికి అట్టడుగుకు చేరుతుంది. పొద్దున ఆరింటి పరుగునూ సాయంత్రం ఆరింటి పరుగునూ పక్కపక్కన పెట్టి పోల్చడం పొరపాటు. వ్యాయామం ఆపిన క్షణంలోనే అసలు శిఖరం దొరకదు. ఆపాక కూడా కాసేపు ఉమ్మిలో అంకె పైకి పోతూనే ఉంటుంది. అందుకే వరసగా మూడు నాలుగు నమూనాలు తీస్తారు.

మూడోది చిగుళ్లు. బ్రష్ చేసినప్పుడు కంటికి కనిపించనంత రక్తం కారినా చాలు, టెస్టోస్టిరాన్ అంకె పెరిగిపోతుంది. దూది ఉండలు నమిలించి ఉమ్మి పీల్చే పద్ధతి కార్టిసాల్‌కు పనికొస్తుంది గానీ, దూదిలోని పదార్థాలు టెస్టోస్టిరాన్‌ను ఉన్నదాని కంటే ఎక్కువ చూపిస్తాయి. అందుకే తల వంచి, నోట్లో ఊరిన దాన్ని తిన్నగా గొట్టంలోకి జారనివ్వడం మేలు. మామూలు యాంటీబాడీ కిట్లు స్త్రీలలో ఉండే కొద్దిపాటి టెస్టోస్టిరాన్‌ను ఎక్కువ చేసి చూపిస్తాయని 2016లో ఓ అధ్యయనం తేల్చింది. మాస్ స్పెక్ట్రోమెట్రీ అనే ఖరీదైన యంత్రంతోనే సరైన లెక్క వస్తుంది. లాలాజల గ్రంథుల్లో ఉండే ఎంజైము కార్టిసాల్‌ను కార్టిసోన్‌గా మార్చేస్తుంది. ఈ రెంటినీ విడదీయలేని కిట్టు అయితే లెక్క ఇంకా తారుమారు.

అందుకే మనిషి భవిష్యత్తు తేలే చోట ఉమ్మిని నమ్మరు. ఒడిశా స్ప్రింటర్ ద్యుతీ చంద్ హైదరాబాద్‌లో సాధన చేసిన అమ్మాయి. సహజంగానే టెస్టోస్టిరాన్ ఎక్కువగా ఉందన్న కారణంతో 2014లో ఆమెను కామన్వెల్త్ క్రీడలకు దూరం పెట్టారు. ఆమె క్రీడల మధ్యవర్తిత్వ న్యాయస్థానానికి వెళ్లగా, 2015లో ఆ నిబంధనను కోర్టు నిలిపివేసింది. అప్పటి పరిమితి లీటరు రక్తానికి 10 నానోమోల్‌లు. తర్వాత కొన్ని పోటీలకు 2018లో 5కు, అన్ని పోటీలకూ 2023లో 2.5కు దించారు. ఈ లెక్కలన్నీ రక్తం నుంచి తీసేవే. డోపింగ్ పరీక్షలకు కూడా మూత్రం, రక్తమే ఆధారం. ఒక్క అంకెతో ఒకరి కెరీర్ ముగిసిపోయే చోట, ఆ అంకె ఏమిటన్నది ఎంత ముఖ్యమో, ఆ గీత ఎవరు ఎందుకు గీశారన్నదీ అంతే ముఖ్యం.

ఉమ్మికి వైద్యంలో గట్టి స్థానం ఉన్నది కుషింగ్స్ సిండ్రోమ్ నిర్ధారణలో. కార్టిసాల్ అదుపు తప్పి పెరిగే అరుదైన జబ్బిది. రాత్రి పొద్దుపోయాక కార్టిసాల్ దిగాలి. ఈ జబ్బులో దిగదు. అర్ధరాత్రి ఆస్పత్రికి వెళ్లి రక్తం ఇవ్వడం కష్టం కాబట్టి ఇంట్లోనే, కనీసం రెండు రాత్రులు ఉమ్మి తీసి పంపే పద్ధతిని అమెరికా ఎండోక్రైన్ సొసైటీ 2008లో తొలి పరీక్షల్లో ఒకటిగా చేర్చింది. ఇక్కడ కూడా చూసేది దిగిందా లేదా అన్నదే.

నమూనా ఇచ్చే ముందు

• తిండి, కాఫీ, పుల్లని పానీయాలు కనీసం గంట ముందే ఆపేయాలి.
• బ్రష్ చేసిన వెంటనే ఇవ్వకూడదు. చిగుళ్లలో పుండో, రక్తమో ఉంటే ముందే చెప్పాలి.
• నీళ్లతో నోరు పుక్కిలించి, పది నిమిషాలు ఆగి ఇవ్వాలి. వెంటనే ఇస్తే పలచబడుతుంది.
• నిద్ర లేచిన సమయం, నమూనా ఇచ్చిన సమయం, వ్యాయామం మొదలుపెట్టి ముగించిన సమయం రాసిపెట్టాలి.
• వాడుతున్న మందులన్నీ చెప్పాలి. స్టెరాయిడ్ ఇన్‌హేలర్లు, చర్మానికి రాసే స్టెరాయిడ్ క్రీములు కూడా లెక్కే.
• వెంటనే ఫ్రీజర్‌లో పెట్టాలి. పోల్చి చూసే నమూనాలన్నీ ఒకే ల్యాబులో, ఒకే పద్ధతిలో పరీక్షించాలి.

మరి మనం ఏం చేయాలి?

ఇప్పుడు ఇంటికే కిట్లు వస్తున్నాయి. ఉమ్మి వేసి పంపితే రంగురంగుల గ్రాఫులతో రిపోర్టు వస్తుంది. దానికి తోకలా కార్టిసాల్ తగ్గించే పొడులు, టెస్టోస్టిరాన్ పెంచే మాత్రలు కూడా వస్తాయి. ఏ గంటలో తీశారో, ముందురోజు ఎంత నిద్రపోయారో, ఎంత పరుగెత్తారో పట్టించుకోని ఒక్క అంకె మీద మందు కొనడం డబ్బు దండగ. పొట్ట చుట్టూ కొవ్వుకు కార్టిసాలే కారణమని రీల్స్ చూసి నమ్మి నడక మానేసిన వాళ్లుంటే, వాళ్లు మానాల్సింది రీల్స్ చూడటం. అకారణంగా బరువు పెరగడం, పొట్ట మీద ఊదారంగు చారలు, కండల్లో నీరసం, అదుపులోకి రాని బీపీ లాంటివి కలిసి వస్తే మాత్రం ఎండోక్రైనాలజిస్టు దగ్గరికి వెళ్లాలి. పరీక్ష రక్తమా, ఉమ్మా, మూత్రమా అన్నది ఆయనే చెబుతారు.

పోటీల్లో ఆడే పిల్లల తల్లిదండ్రులకు, కోచ్‌లకు ఇంకో మాట. ఆస్ట్రేలియా పరిశోధకురాలు అన్నా సా, సహచరులతో కలిసి సాధన భారాన్ని పసిగట్టే పద్ధతుల మీద వచ్చిన 56 అధ్యయనాలను వడపోశారు. ఒకవైపు హార్మోన్లు, గుండె వేగం, రక్తపరీక్షలు. మరోవైపు ఆటగాడు తన నోటితో చెప్పుకునే నిద్ర, అలసట, ఒళ్లునొప్పులు, మనసు బాగోగులు. సాధన ఒంటి మీద ఎంత భారం వేస్తోందో ఎక్కువ సున్నితంగా, ఎక్కువ నిలకడగా పట్టించింది ఆ రెండోదేనని తేలింది. ఉమ్మి పరీక్షకు ల్యాబు కావాలి, ఫ్రీజర్ కావాలి, చదవగలిగిన నిపుణుడు కావాలి. అవన్నీ ఉన్న జట్లు వాడుకోవచ్చు. లేనివాళ్లు రోజూ పొద్దున్నే పిల్లాణ్ని ఒక్క మాట అడిగి, చెప్పిన జవాబు తేదీ వేసి నోటు పుస్తకంలో రాసుకుంటే చాలు: 'రాత్రి నిద్ర పట్టిందా? ఒళ్లెలా ఉంది?'